ఇంటిపేరు లేని నల్లి

ఆ వానాకాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో నాది తపాలా ఉద్యోగం. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో కూర్చుని అద్దాలు అరగదీయడం, ఇంటికొచ్చాక అమ్మ మాట మా ఆవిడకీ, మా ఆవిడ మాట అమ్మకీ చేరవేయడం. వాళ్లిద్దరి మధ్యా గొడవలేమీ లేవు. గొడవపడాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా.

"ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన, సీసాలో కాళ్లు పైకెత్తి పడుకున్నవాళ్లు ఎవరో మీ ఆవిణ్ణి అడుగు" అనేది అమ్మ. మా ఆవిడ అదే వంటగదిలో గిన్నె తుడుస్తూ ఉండేది.

"మూత గట్టిగానే బిగించానని అత్తయ్యగారికి చెప్పండి" అనేది మా ఆవిడ, నా వైపు చూస్తూ.

నేను మధ్యలో నిలబడి ఇటోసారి, అటోసారి తల ఊపేవాణ్ణి. అంతకుమించి నేను చేయగలిగిందీ లేదు, వాళ్లు ఆశించిందీ లేదు.

అమ్మ బళ్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. మెడలో విజిల్ తీసేసి ఏళ్లయినా గొంతులో అది అలాగే ఉండిపోయింది. ఆవిడ "ఒరేయ్" అంటే వీధి చివర సైకిలు తొక్కేవాడు కూడా బ్రేకు వేసేవాడు. మా ఆవిడది పురుగుల చదువు. అందులోనూ మొక్కల రసం పీల్చి బతికే నల్లుల మీద. పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, ఇంట్లో ఓ మూలగదిలో పాత మైక్రోస్కోపు. వీధిలో వాళ్లు ఒకరిని విజిల్ టీచరనీ, ఇంకొకరిని పురుగుల మేడమనీ అంటారు. నాకే పేరూ పెట్టలేదు.

వీళ్లిద్దరి మధ్య ఆ చలి ఎక్కడ మొదలైందంటే, పెళ్లయ్యాక మా ఆవిడ ఇంటిపేరు మార్చుకోలేదు. "అప్పటికే నా పేరుతో వ్యాసాలు అచ్చయ్యాయండీ. మారిస్తే అవి రాసింది ఎవరో తెలియకుండా పోతుంది" అంది. అమ్మ "సరే" అంది. అమ్మ ఒక్క మాటతో ఊరుకుందంటే ఆ మాట మనసులో పడి గడ్డకట్టిందని అర్థం.

ఇక మా డాబా మీద ఓ తీగ ఉండేది. లారీ నడిపే నాన్న ఎక్కడో కొండదారిలో తెచ్చి కుండీలో గుచ్చిన కొమ్మ అది. నాన్న పోయాక ఆ తీగ మెట్లగోడ ఎక్కి, నీళ్లట్యాంకు చుట్టుకుని, పక్కింటి గోడ మీదికి కూడా చెయ్యి చాచింది. వానాకాలంలో తెల్లటి పూలు, బియ్యపు గింజలంత, గుత్తులు గుత్తులుగా పూసేవి. దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. అమ్మకు తెలియాల్సిన అవసరమూ లేదు. ఆవిడకది తీగ, అంతే. పొద్దున్నే దాని దగ్గర కుర్చీ వేసుకుని టీ తాగేది.

ఆ ఏడాది పూలు రావాల్సిన వేళకి ఆకులు బూడిదరంగుకు తిరిగాయి. ఎవరో సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు. ఆకు తిరగేస్తే నల్లటి మచ్చలు.

"పురుగు పట్టిందిరా. మందు పట్రా" అంది అమ్మ.

తెచ్చాను. అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, స్ప్రే డబ్బా నింపి, యుద్ధానికి వెళ్తున్నదానిలా డాబా ఎక్కింది. నేను వెనకాల బకెట్టు మోశాను. మబ్బు పట్టి ఉంది. ఆరేసిన బట్టలు తీయడానికి మా ఆవిడ అప్పటికే పైన ఉంది. దుప్పటి తీస్తూ తీస్తూ ఆ తీగ ముందు ఆగిపోయింది. ఆకు తిరగేసి ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూస్తోంది.

అమ్మ డబ్బా ఎత్తింది.

"అత్తయ్యా, ఆగండి!"

అమ్మ నిజంగానే ఆగింది. ఎవరైనా గట్టిగా చెబితే ఆగడం డ్రిల్లు టీచరుకి అలవాటు కాబోలు. లేకపోతే, నన్ను దాటుకుని ఆ మాట నేరుగా తన దగ్గరికి రావడం చూసి ఆగిందేమో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నా చేతిలో బకెట్టు ఊగి నీళ్లు నా కాళ్ల మీదే పడ్డాయి.

"ఏమిటది?" అంది అమ్మ, ముక్కుగుడ్డ లోంచి.

"నల్లి" అంది మా ఆవిడ.

"నల్లా? ఇంట్లో నల్లులా?"

"మంచంలో ఉండేది కాదత్తయ్యా. మొక్కల నల్లి. కానీ..." అంటూ మళ్లీ ఆకు వైపు వంగింది. "నేనిలాంటిదాన్ని ఎప్పుడూ చూడలేదు."

"చూశావుగా. ఇక జరుగు, కొడతాను."

"రెండు రోజులు. రెండంటే రెండే రోజులు ఆగండి."

అమ్మ డబ్బా దించింది. ముక్కుగుడ్డ మాత్రం తీయలేదు. "రెండు రోజులే" అని నాకు చెప్పి, మెట్లు దిగిపోయింది.

*

ఆ రెండు రోజులు మూలగదిలో లైటు ఆరలేదు. నువ్వుగింజంత పురుగు అది. మైక్రోస్కోపులో నాకూ చూపించింది. ఎర్రమట్టి రంగు ఒళ్లు, దాని మీద వెండిపొడి చల్లినట్టు నూగు, పడవ తెడ్డులా వెడల్పయిన మీసాలు. వీపు మీద ముడిచిన రెక్కలు చివరికొచ్చేసరికి ఒక్కసారి కిందికి వంగాయి, పుస్తకంలో పేజీ గుర్తుకి మడిచినట్టు.

"బాగుంది" అన్నాను. నిజంగానే బాగుంది.

"బాగుండటం కాదండీ, ఇది దేనికీ చెందట్లేదు" అంది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ ముఖం వెలిగిపోతోంది. "చూడండి. పురుగుకి పేరుంటుంది, ఇంటిపేరుంటుంది. కొత్త పురుగు దొరకడం గొప్పేమీ కాదు, తెలిసిన ఇంట్లో ఇంకో పిల్ల పుట్టినట్టు. కానీ దీని మీసాలు ఒక ఇంటివి, వెనక తొడలు ఇంకో ఇంటివి, మెడ పట్టీ అసలు ఏ ఇంటిదీ కాదు. ఇది కొత్త ప్రజాతి. దీనికి ఇంకా ఎవరూ ఇంటిపేరే పెట్టలేదు."

గుమ్మం దగ్గర చప్పుడైంది. అమ్మ. ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"ఇంటిపేరు అంత పెద్ద విషయమా? ఏదో ఒకటి మార్చుకుంటే పోలా?" అంది నా వైపు చూస్తూ.

నేను కళ్లు మూసుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరూ తాకని పుండు అది.

"మార్చుకోవాలన్నా ముందు ఒకటుండాలి కదత్తయ్యా" అంది మా ఆవిడ, నేరుగా, మెల్లగా. "పాపం దీనికి లేదు."

అమ్మ గుమ్మం దగ్గర్నుంచే మైక్రోస్కోపు వైపు తొంగి చూసింది. కాసేపటికి "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది మరి?" అంది. ఆ మాట నాకు కాదు.

"తీగతోనే వచ్చి ఉంటుంది. ఈ నల్లులు గుడ్లని కొమ్మ లోపల పెడతాయి, బయటికి కనపడవు. మామయ్యగారు కొమ్మ తెచ్చినప్పుడే లోపల ఉండి ఉంటాయి."

"అంటే ఇన్నేళ్లూ మనింట్లోనే ఉన్నాయా?"

"మీరు టీ తాగే కుర్చీ పక్కనే."

"మరి ఇన్నాళ్లూ తీగ బాగానే ఉందిగా?"

"ఈసారి ఎండలు ముదిరాయి. అవి పెరిగిపోయాయి, తీగ నీరసపడింది."

అమ్మ తల పంకించి వెళ్లిపోయింది. రెండు రోజులు గడిచాయి. స్ప్రే డబ్బా మెట్ల కింద అలాగే ఉంది. గడువు గుర్తుచేసే పని నేను పెట్టుకోలేదు.

*

అసలు చిక్కు తర్వాత వచ్చింది. దొరికినవన్నీ ఆడవే. తీగ కింద తెల్లటి పళ్లెం పట్టి కొమ్మని తడితే పురుగులు రాలేవి. నోటితో పీల్చే గాజుగొట్టంలోకి మా ఆవిడ వాటిని లాగేది. రోజూ అదే. రోజూ ఆడవే. ఈ నల్లుల్లో ఇంటిపేరు తేలాలంటే మగదాన్ని చూడాల్సిందేనట.

ఆమెకి చదువు చెప్పిన పెద్దాయనకు ఫోను చేసింది. ఆయన మాట కరుకు గానీ మనసు మెత్తన. స్పీకర్‌లో పెట్టింది, నేనూ విన్నాను.

"మగది లేకుండా కొత్త ప్రజాతి అంటే నలుగురూ నవ్వుతారమ్మా. ఏ పాత ఇంటి పిల్లో వేషం మార్చుకుని వచ్చిందంటారు. నేనే అంటాను."

"నాకు నమ్మకం ఉంది మాస్టారూ."

"నీ నమ్మకాన్ని స్లైడు మీద పెట్టి నాకు చూపించగలవా? మగదాన్ని పట్టుకో."

ఫోను పెట్టేశాక మా ఆవిడ చాలాసేపు గాజుగొట్టం తుడుస్తూ కూర్చుంది. అందులో తుడవడానికి ఏమీ లేదు.

పైన తీగ నానాటికీ చిక్కిపోయింది. గాలి వీస్తే ఆకులు జలజలా రాలేవి. అమ్మ పొద్దున్నే ఓ బుట్ట పట్టుకెళ్లి రాలిన ఆకులు ఏరేది. సణగదు, నన్ను పిలిచి "మీ ఆవిడకి చెప్పు" అనదు. బుట్ట నిండాక కుర్చీలో కూర్చుని టీ తాగేది. గోడ కనబడుతోంది ఇప్పుడు, తీగ సందుల్లోంచి. నాన్న సున్నం కొట్టిన గోడ. అమ్మ ఆ గోడ వైపే చూసేది.

"అత్తయ్యగారు ఏమైనా అన్నారా?" అని నన్ను అడిగేది మా ఆవిడ.

"ఏమీ అనలేదు."

"అంటే బాగుండు" అనేది.

ఇంకోమాట కూడా అడిగింది ఆ రోజుల్లో. మామయ్యగారు ఈ కొమ్మ ఎక్కడ తెచ్చారో అత్తయ్యగారిని కనుక్కోమంది. కనుక్కున్నాను. "ఏదో కొండదారిలో" అంది అమ్మ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ మాటే చేరవేశాను. నా తపాలా అంతవరకే.

*

ఓ సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. డాబా మీంచి నీళ్ల చప్పుడు. మెట్లెక్కి, చివరి మెట్టు దగ్గర ఆగిపోయాను.

మా ఆవిడ సబ్బునీళ్ల బకెట్టు పక్కన కూర్చుని, గుడ్డ ముంచి, తీగ ఆకులు ఒక్కొక్కటే తుడుస్తోంది. ముందువైపు, వెనకవైపు. పురుగులు నురగతో పాటు జారి పడుతున్నాయి. ఆమె వాటిని చూడటం లేదు.

అమ్మ అవతల నిలబడి ఉంది, ఖాళీ బుట్ట చేత్తో పట్టుకుని.

"ఏం చేస్తున్నావు?"

"కడుగుతున్నానత్తయ్యా. ఇలాగే వదిలేస్తే తీగ దక్కదు."

"మరి నీ మగవాడో?"

మా ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చినట్టుంది. "దొరక్కపోతే మానె. మందు కొట్టడం మాత్రం వద్దు, ఆకు మాడిపోతుంది. సబ్బునీళ్లు చాలు."

అమ్మ బుట్ట పక్కన పెట్టి, మోకాలు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. ఇంకో గుడ్డ తీసి నీళ్లలో ముంచింది. ఇద్దరూ చెరోవైపు నుంచి తుడుస్తూ వచ్చారు.

"ట్యాంకు వైపు పోయిన ఆ కొమ్మ వదిలెయ్యి" అంది అమ్మ.

"ఎందుకు?"

"అన్నీ కడిగేస్తే అవెక్కడికి పోతాయి? ఇన్నేళ్లు ఉన్నవి."

మా ఆవిడ చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. ఆ కొమ్మని తప్పించి పక్క కొమ్మ అందుకుంది.

నేను పైకి వెళ్లలేదు. దిగిపోనూ లేదు.

"అత్తయ్యా, మామయ్యగారు దీన్ని ఎక్కడ తెచ్చారు?"

అప్పుడు చూడాలి అమ్మని. నాతో రెండు ముక్కల్లో ముగించిన మనిషి, గుడ్డ పిండుతూ, నవ్వుతూ మొదలుపెట్టింది.

"అదో కథ. ఊళ్లన్నీ తిరుగుతావు, నాకోసం ఒక్కటైనా తెచ్చావా అని ఓసారి దులిపేశాను. ఆ ట్రిప్పులోనే ఘాటు రోడ్డు మీద లారీ ఆగిపోయిందట. పెద్ద మలుపు, పిట్టగోడ విరిగి ఉంటుందట, కింద సన్నటి వాగు. మెకానిక్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే రాళ్ల మీద ఈ తీగ, విరగబూసి ఉందట. ఓ కొమ్మ విరిచి తడిగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఇంటికొచ్చేసరికి పూలూ లేవు, ఆకులూ లేవు. ఎండుపుల్ల! నీకోసం తెచ్చానంటూ నా చేతిలో పెట్టాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? వంటచెరుకు తెచ్చావా అన్నాను. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజున చిగురేసింది."

మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఉన్నట్టుండి లేచి నిలబడింది. "ఘాటు మీదా? పైనా? అక్కడ చల్లగా ఉంటుందా?"

"చల్లగా ఉండక?"

"మగవి ముందు పుట్టి ముందే పోతాయత్తయ్యా. ఇక్కడ వాటి కాలం అయిపోయింది. చలిచోట అంతా ఆలస్యం. అక్కడ ఇంకా ఉండొచ్చు. ఆ మలుపు మీకు తెలుసా?"

"నేనెప్పుడు చూశాను? కానీ వంద సార్లు విన్నాను" అంది అమ్మ. "పోదాం పద."

*

ఆదివారం తొలి బస్సుకి బయల్దేరాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే సంచులు మోయడానికి. ముందు సీట్లో వాళ్లిద్దరూ, వెనక సీట్లో నేనూ, నా ఒళ్లో గొడుగులూ, సీసాలూ.

ఘాటు రోడ్డు ఎక్కాక ప్రతి మలుపులోనూ అమ్మ కిటికీలోంచి మెడ చాచేది. "ఇది కాదు. దీనికి వాగు లేదు." "ఇదీ కాదు, పిట్టగోడ బాగుంది." విరిగిన గోడ ఇన్నేళ్లలో కట్టేసి ఉంటారేమోనన్న ఆలోచన నాకొచ్చింది. పైకి అనలేదు. ఇక కొండ అయిపోవస్తోందనగా అమ్మ లేచి నిలబడి "ఆపవయ్యా!" అంది. ఆ గొంతుకి డ్రైవరు బస్సు ఆపాడు, ఎందుకాపాడో తనకే తెలియనట్టు.

పిట్టగోడ కొత్తది. కానీ అందులో ఒక ముక్క రంగు వేరు, విరిగినచోట కట్టినట్టు. కింద వాగు. రాళ్ల మీద తీగ, మా డాబా మీది తీగ, కొండంత మేర పరుచుకుని, తెల్లగా పూసి.

అమ్మ గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఎండుపుల్ల తెచ్చిన మనిషి చెప్పిన పూలు అవి. మా ఆవిడ సంచీ తెరవకుండా పక్కనే నిలబడింది, అమ్మ తనంతట తాను కదిలేదాకా.

"ఊఁ, పని చూడండి" అంది అమ్మ చివరికి.

తెల్లగొడుగు తిరగేసి తీగ కింద పట్టుకోవడం నా వంతు. అమ్మ కర్ర తీసుకుంది. కొమ్మని ఎలా తట్టాలో మా ఆవిడ చెప్పబోయింది గానీ అవసరం లేకపోయింది. "ఒకటీ... రెండూ... ఒకటీ... రెండూ..." అంటూ అమ్మ డ్రిల్లు చేయిస్తున్నట్టే లయగా కొట్టింది. గొడుగులో రాలినవాటిని మా ఆవిడ గొట్టంతో పీలుస్తోంది. ఆడది. ఆడది. పిల్లపురుగు. సాలీడు. మళ్లీ ఆడది. ముసురు మొదలైంది. నా చేతులు లాగేస్తున్నాయి.

"చెయ్యి దించకురా" అంది అమ్మ.

మా ఆవిడ తల ఎత్తి అమ్మ వైపు చూసి, అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, కదలకండి."

"ఎందుకు?"

"మీ భుజం మీద."

అమ్మ బొమ్మలా నిలబడిపోయింది, కర్ర గాల్లోనే ఎత్తి. వానచినుకు ముక్కు మీంచి జారుతున్నా తుడుచుకోలేదు. మా ఆవిడ అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. అమ్మ మెడ దగ్గరికి వంగింది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అంత దగ్గరగా నిలబడటం నేను చూడలేదు. అమ్మ ఊపిరి బిగబట్టింది. మా ఆవిడ గొట్టం ఆనించి చటుక్కున పీల్చింది.

సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. ఆడవాటికన్నా సన్నగా, నల్లగా, మీసాలు ఇంకా పొడుగ్గా ఉందది.

"మగదేనా?" అంది అమ్మ, పెదవులు కదలకుండా.

"మగదే."

"నేనిక కదలొచ్చా?"

మా ఆవిడ సీసా చేత్తో పట్టుకునే అమ్మని గట్టిగా వాటేసుకుంది. అమ్మ చేతిలో కర్ర జారి నా కాలి మీద పడింది. నేను "అబ్బా" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

*

మగదాని ఇంటిపేరు దాని కడుపు చివర ఉంటుందట. ఆ భాగం విప్పి, మందులో నానబెట్టి, కండ కరిగించి, గట్టిభాగం మాత్రం మిగిల్చి చూడాలి. మా ఆవిడ ఆ పనిలో ఉండగా అమ్మ వెనక నిలబడింది. ఇప్పుడు గుమ్మం దగ్గర కాదు, కుర్చీ వీపు పట్టుకుని.

"ఏమిటంత తీక్షణంగా చూస్తున్నావు?"

మా ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"మగదాని... అదేనత్తయ్యా, కలిసేటప్పుడు పట్టుకునే కొక్కెం. తాళంచెవి లాంటిది. ఒక్కో ఇంటిదీ ఒక్కో తీరు. వేరే ఇంటి తాళానికి పట్టదు."

"ఏదీ?" అని అమ్మ కళ్లజోడు పైకి నెట్టి మైక్రోస్కోపు మీదికి వంగింది. చాలాసేపు చూసింది. "ఇంత ప్రాణానికి ఇంత వ్యవహారమా!" అంది. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఒకరు ఆపితే ఇంకొకరికి వస్తోంది. నేను గదిలోంచి వచ్చేశాను, అక్కడ మగవాడికి చోటు లేదనిపించి.

పెద్దాయన స్వయంగా వచ్చాడు చూడటానికి. కొక్కెం చూశాడు, మీసాలు చూశాడు, పాత పుస్తకాలు తిరగేశాడు, మళ్లీ కొక్కెం చూశాడు. టీ చల్లారిపోయింది.

"ఇదెవరి ఇంటిదీ కాదు" అన్నాడు చివరికి. "రాయమ్మా. పేరు ఆలోచించావా?"

పేరు దగ్గర ఇల్లంతా కూర్చున్నాం. అమ్మ పేరు పెడతానంది మా ఆవిడ. అమ్మ భగ్గుమంది. "నల్లికి నా పేరా? వీధిలో తలెత్తుకు తిరగొద్దా?" పోనీ మామయ్యగారి పేరంది. అమ్మ నవ్వేసింది. "బొద్దింకని చూస్తే బల్లెక్కి నిలబడేవాడు ఆయన. పైన ఉన్నవాణ్ణి పురుగులతో బాధపెట్టకు."

"మరి?"

"ఆ మలుపు లేకపోతే ఇదేదీ లేదు" అంది అమ్మ.

మా ఆవిడ మైక్రోస్కోపులోకి వంగి, ఆ పురుగు రెక్క చివర మడత చూసింది. నిఘంటువు తీసింది. వంపు, మలుపు అని అర్థమొచ్చే ఓ పాత లాటిన్ మాట పట్టుకుంది. చదివి వినిపించింది. అమ్మ రెండుసార్లు పలికి చూసుకుంది.

"ఇది ఆడ పేరా, మగ పేరా?"

"ప్రజాతి పేర్లకి లింగం ఉంటుందత్తయ్యా. ఇది స్త్రీలింగం."

"అయితే సరే" అంది అమ్మ. ఈ సరే వేరే.

తర్వాత రాత పని. మీసం పొడుగు, తొడ మందం, నూగు రంగు. మా ఆవిడ రాసింది పైకి చదివేది, అమ్మ వినేది. భాష అర్థం కాకపోయినా ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అమ్మే చెప్పేది. డాబా మీద తీగ కొత్త ఆకులు వేసింది, సగమే. ట్యాంకు వైపు కొమ్మ బూడిదరంగులోనే ఉండిపోయింది. అమ్మ దానికీ నీళ్లు పోసేది.

*

వానలు వెనకబట్టాక వ్యాసం అచ్చయ్యే కబురు వచ్చింది. ఇక ఒక పని మిగిలింది. ఆ పేరుకి ఆధారంగా నిలిచే పురుగు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, మ్యూజియంలో అప్పగించాలి. ఎప్పుడు ఎవరికి అనుమానం వచ్చినా వెళ్లి చూసుకునేలా. ఆ ఒక్కటీ అమ్మ భుజం మీద వాలిన మగదే.

మూడుకోణాల చిన్న అట్టముక్క మీద దాన్ని అంటించి, సూదికి గుచ్చి, పెట్టెలో పెట్టారు. బస్సులో ఆ పెట్టె అమ్మ ఒళ్లో ఉంది. కుదుపొచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి లేపి పట్టుకునేది.

మ్యూజియంలో పురుగుల విభాగం మేడ మీద, పొడుగాటి వరండా చివర. తలుపు దగ్గర బల్ల వేసుకుని ఓ ఉద్యోగి కూర్చుని ఉన్నాడు, మెత్తటి మనిషి, చెవిలో పెన్సిలు. మా ఆవిడ తన కార్డు చూపించింది.

"మీరు వెళ్లండి మేడం. వీళ్లు?" అన్నాడు. "లోపలికి పని ఉన్నవాళ్లనే పంపుతామండీ. చెమ్మా, దుమ్మూ తగలకూడదు."

"మాకూ పనే" అంది అమ్మ.

"మేడంగారికి మీరేమవుతారండీ?"

అమ్మ నోరు తెరిచేలోగా మా ఆవిడ చెప్పింది. "నాతో పనిచేస్తారు."

అమ్మ మా ఆవిడ వైపు చూడలేదు. పెట్టెని ఇంకొంచెం దగ్గరికి పట్టుకుని, వీపు నిటారు చేసి, పెరేడ్ మైదానంలో నిలబడినట్టు నిలబడింది.

"మరి ఈయన?" అన్నాడు ఉద్యోగి నన్ను చూపిస్తూ.

ఇద్దరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేనొకణ్ణి ఉన్నానని అప్పుడే గుర్తొచ్చినట్టు.

"వాడు మాతో వచ్చాడు, బయట కూర్చుంటాడు" అంది అమ్మ.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల బీరువాలు బారులు తీరి ఉన్నాయి. ఆ ఉద్యోగి వాళ్ల వెంట వెళ్లి ఓ సొరుగు లాగాడు. అందులో ఎవరెవరో ఎప్పుడెప్పుడో పట్టుకున్న పురుగులు వరసగా నిలబడి ఉన్నాయి. వాళ్లిద్దరి తలలూ దాని మీదికి వంగాయి. మా ఆవిడ సూది పట్టుకుంది, ఎక్కడ గుచ్చాలో అమ్మ వేలితో చూపించింది. ఇంకొంచెం ఇటు. ఆఁ, అక్కడ.

సొరుగు మూసిన చప్పుడు వినిపించింది. ఉద్యోగి బీరువా తాళం వేయబోతున్నాడు.

"బాబూ" అంది అమ్మ. అంత మెల్లగా ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఇంకొక్కసారి తియ్యవూ?"

తీశాడు. ఈసారి ఆయన కూడా వంగి చూశాడు.